చెత్త వయసు, కూలి వయసు: అణు వ్యర్థాల ప్రశ్నను ఒక తీరగ్రామం ఎలా పట్టుకుంది

ఈ కేసు శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక మత్స్యకార గ్రామానిది. ఊరి పేరు, మనుషుల పేర్లు, పని జరిగిన సంవత్సరాలు తీసేశాం. ఇళ్ల లెక్కలు గుండ్రంగా ఇచ్చాం. జీవనోపాధుల మీద పనిచేసేవాళ్ళకు అణు వ్యర్థాల ప్రశ్న ఎదురైనప్పుడు, అది శాస్త్రవేత్తల పనో ఉద్యమకారుల పనో అనుకుని పక్కకు జరగడం మామూలు. ఈ ఊళ్ళో ఆ ప్రశ్న అప్పుల్లో, పట్టాల్లో, పెళ్ళి సంబంధాల్లో, సరుగుడు తోటల్లో కనిపించింది. అందుకే దీన్ని వివరంగా రాసిపెడుతున్నాం.

నేపథ్యం

రణస్థలం మండలం కొవ్వాడ దగ్గర అణువిద్యుత్ కేంద్రానికి 2009లో కేంద్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. మొదట అనుకున్నవి జీఈ-హిటాచీ రియాక్టర్లు. 2016లో గుజరాత్‌లోని మిఠీ విర్ది నుంచి అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ ప్రాజెక్టు ఇక్కడికి మారింది. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల, ఏపీ1000 అనే రకం రియాక్టర్లు ఆరు, మొత్తం 7,248 మెగావాట్లు. మరుసటి ఏడాది మార్చిలో వెస్టింగ్‌హౌస్ కంపెనీయే దివాలా రక్షణ కోరింది. ఇలా ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి నడుస్తుండగానే ఈ తీరంలో ఒక తరం పిల్లలు బడి ముగించుకుని వలస వెళ్ళారు.

మన కేసులోని ఊరు సేకరణ హద్దుకు బయట ఉంది. కాబట్టి పరిహారం లేదు, పునరావాస కాలనీ లేదు. కానీ అణుకేంద్రం చుట్టూ గీసే వలయాల్లో మాత్రం పడుతుంది. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం రియాక్టర్ చుట్టూ కిలోమీటరుకు తగ్గకుండా ఎవరూ నివసించని మినహాయింపు ప్రాంతం ఉండాలి. 5 కిలోమీటర్ల వరకు సహజ జనాభా పెరుగుదలకే వీలుంటుంది. జనాన్ని బయటి నుంచి రప్పించే పెద్ద పరిశ్రమలు, కాలనీలు అక్కడ కూడవు. 16 కిలోమీటర్ల వరకు అత్యవసర ప్రణాళిక వర్తిస్తుంది. ఈ ఊరు 5 కిలోమీటర్ల వలయంలోది. అంటే ప్రాజెక్టు వస్తే, దాన్ని చూసుకుని మరో పరిశ్రమ ఈ ఊరి పక్కకు వస్తుందన్న ఆశ నిబంధనల లెక్కలోనే నిలవదు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఊళ్ళో జీవనోపాధుల పనిలోకి దిగేటప్పటికి మా బృందంలో కూడా ఒక్కరికే తెలుసు.

ఊరు సుమారు 200 గడపలు. సగానికి పైగా వేట మీద బతికే కుటుంబాలే. జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా పెద్ద బోట్లు ఆగే హార్బరు లేకపోవడంతో మగవాళ్ళు ఆగస్టులో గుజరాత్ వీరావల్ వెళ్ళి, ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యే వేళకు తిరిగొస్తారు. 2018 నవంబరులో ఇలా వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ పద్నాలుగు నెలలు ఈ తీరంలో ఏ ఇంట్లోనూ ఎవరూ మరచిపోలేదు. ఊళ్ళో ఉన్నవాళ్ళు తెప్పలు, ఫైబర్ బోట్ల మీద దగ్గరి వేటకే వెళ్తారు. ఆడవాళ్ళు చేపలు తట్టల్లో పెట్టుకుని సంతలకు నడుస్తారు, మిగిలినవి ఎండబెడతారు. మెట్టలో సరుగుడు, జీడి. కొందరు కుర్రాళ్ళు పైడిభీమవరం మందుల కంపెనీల్లో కాంట్రాక్టు పనికి వెళ్తారు.

వచ్చిన సమస్య

ఊరి పెద్దలు తెచ్చిన ప్రశ్న ఇది: "ఆ అణుచెత్త మా దగ్గిరే ఎడతారంట. నిజమేటి బాబూ? నిజమైతే మరి మాకేటిస్తారు?"

మొదటి సగం భయం, రెండో సగం బేరం అని మొదట అనిపించింది. ఇంటింటికీ తిరిగి రాసుకున్న వివరాలు వేరే సంగతి చెప్పాయి. ఊళ్ళో నాలుగు పనులు ఆగిపోయి ఉన్నాయి. పెంకులు జారినా పైకప్పులు మార్చడం లేదు, ఎలాగూ ఖాళీ చేయిస్తారన్న అనుమానంతో. భూమి కాగితం పెట్టుకుని బ్యాంకు అప్పివ్వడం లేదు. సరుగుడు నరికిన చోట మళ్ళీ నాటడం లేదు. నాలుగైదేళ్ళకు కోతకొచ్చే తోట, ఎవరి కోతకు అందుతుందో తెలియనప్పుడు నారు ఎవరు కొంటారు? ఇక పెళ్ళిళ్ళు. "ఆ పక్క ఊరికి మా గుంటనివ్వం" అని రెండు సంబంధాలు తప్పిపోయాయని ఆడవాళ్ళ సమావేశంలో మెల్లగా బయటికొచ్చింది.

అసలు జబ్బు ఎదురుచూపు. ప్రాజెక్టు ఇంకా రాలేదు, వ్యర్థం ఒక్క గ్రాము లేదు, నష్టం మాత్రం ఏళ్ళ తరబడి జరుగుతోంది. జర్మనీలో గోర్లెబెన్ కథ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అప్పటి తూర్పు జర్మనీ సరిహద్దు పక్కన వెనకబడిన పల్లె ప్రాంతం. 1977లో అణు వ్యర్థాల నిక్షేపానికి ఎంపిక చేశారు. 2020లో భూగర్భం పనికిరాదని జాబితా నుంచి తీసేశారు. నలభై మూడేళ్ళ ఎదురుచూపు. చోటు కాదన్న తర్వాత కూడా తాత్కాలిక గిడ్డంగిలో చేరిన 113 అణు వ్యర్థాల భారీ పీపాలు అక్కడే నిలబడి ఉన్నాయి. తాత్కాలికం అన్న మాటను ఎలా చదవాలో ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు.

ఏం చేశాం, ఏది పారలేదు

మొదటి ప్రయత్నం అవగాహన సభ. అంచనా ఇలా వేసుకున్నాం: ఊళ్ళో గట్టిగా వినపడుతున్నది భయం, కాబట్టి ముందు భయం తగ్గాలి. రేడియేషన్ తెలిసిన వక్తను పిలిచాం. ఎక్స్‌రే తీయించుకుంటే ఎంత మోతాదు, విమానంలో వెళ్తే ఎంత, కేంద్రం పక్కన ఉంటే ఎంత అని ఓపిగ్గా చెప్పారు. చెప్పినదాంట్లో తప్పు లేదు. సభ చివర ఒక పెద్దావిడ అడిగింది: "నాయినా, పొయ్యిలో నిప్పు ఆరిందో లేదో మా ఇంట్లో నాను సూస్తాను. ఈ నిప్పు నా మనవడి మనవడి దాకా ఆరదంటన్నారు. అప్పుడు సూసేదెవులు?" వక్త మళ్ళీ మోతాదు లెక్కే చెప్పారు. వారం తర్వాత పది ఇళ్ళలో అడిగి చూస్తే భయం తగ్గలేదు సరికదా, మమ్మల్ని కంపెనీ మనుషులు అనుకుంటున్నారని తెలిసింది. ఊరు అడిగింది ఎవరు చూసుకుంటారు, ఎన్నాళ్ళు, ఎవరి డబ్బుతో అని. మేం చెప్పింది ఎంత ప్రమాదం అని. ప్రశ్న తప్పుగా విన్నాం.

రెండోది కోరికల పత్రం. ఇంటికో ఉద్యోగం, ఆసుపత్రి, జెట్టీ, రోడ్డు, తాగునీరు అంటూ పాతికకు పైగా కోరికలు ఒకే కాగితం మీద రాసి జిల్లా అధికారులకిచ్చారు. ఊరి ఉత్సాహాన్ని ఆపడం ఇష్టంలేక మేమూ తలూపాం. జవాబు ఒక్క ముక్క: పరిశీలిస్తాం. ఎందుకిలా అయిందో విడదీసి చూస్తే, ఆ పాతిక కోరికల్లో ఏ ఒక్క అధికారి బల్లకూ చెందినవి మూడో నాలుగో మించి లేవు. ఎవరికి ఇచ్చినా మిగతావి తనవి కావు. పైగా ఇంటికో ఉద్యోగం అన్న మాటలో ఇల్లు అంటే ఏది? ఒకే కప్పు కింద ముగ్గురు పెళ్ళయిన అన్నదమ్ములుంటే? కేంద్రంలో శాశ్వత ఉద్యోగాలకు ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ, ఆపైన పరీక్ష. ఊళ్ళో ఆ చదువున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. మిగతా పనులు కాంట్రాక్టరు చేతిలో. సేకరణ హద్దుకు బయటి ఊరికి ఉద్యోగం ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పదు.

మూడోది వెల్డింగు శిక్షణ. నిర్మాణం మొదలైతే పని దొరుకుతుందని ఇరవై మంది కుర్రాళ్ళకు నేర్పించాం. శిక్షణ ముగిసింది, నిర్మాణం మొదలవలేదు. వాళ్ళు విశాఖ, హైదరాబాద్ వెళ్ళిపోయారు. ఇద్దరు గల్ఫ్ చేరారు. ఆ కుటుంబాలకు మేలే జరిగింది, దాన్ని తక్కువ చేయకూడదు. ఊరికి మాత్రం చేతులు తగ్గాయి. ప్రాజెక్టు తేదీని నమ్మి పెట్టిన ఏ పెట్టుబడైనా ఇలాగే వలసకు దారి వేస్తుందని అప్పటికి అర్థమైంది.

మలుపు: చెత్త అన్న మాటను విడగొట్టడం

ఊళ్ళో చెత్త అంటే కొందరి ఊహలో బూడిద, కొందరికి సముద్రంలో వదిలే మురికినీరు, కొందరికి డ్రమ్ముల్లో పచ్చటి ద్రవం. అందరూ ఒకే మాట వాడుతూ వేర్వేరు వాటి గురించి వాదించుకుంటున్నారు. కాబట్టి సభలు ఆపి, ఎనిమిది పది మంది చొప్పున కూర్చోబెట్టి, మూడు రకాలు విడివిడిగా చూపించాం. ప్రతిదానికీ మూడే ప్రశ్నలు: ఏంటిది, ఎక్కడుంటుంది, ఎన్నాళ్ళుంటుంది.

మొదటి రకం రోజువారీ వ్యర్థం. చేతి తొడుగులు, బట్టలు, ఫిల్టర్లు, నీటిని శుభ్రం చేసిన రెజిన్. వీటిని నొక్కి, సిమెంటుతో గట్టిపరచి, కేంద్రం ఆవరణలోనే భూమి ఉపరితలానికి దగ్గరగా కట్టే కాంక్రీటు కందకాల్లోనూ, టైల్ హోల్ అనే నిలువు గుంటల్లోనూ పెడతారు. మన దేశంలో అణుకేంద్రాల పద్ధతి ఇదే. ఇది కచ్చితంగా ఇక్కడే ఉంటుంది, దాచాల్సిన పని లేదు. కాపలా సుమారు 300 ఏళ్ళు. ఆ లెక్క ఎలా వచ్చిందో చెప్పినప్పుడే జనం నమ్మారు: ఇందులో ఎక్కువ కాలం సతాయించే సీసియం, స్ట్రాన్షియం అనే రేడియోధార్మిక పదార్థాలు ప్రతి 30 ఏళ్ళకు సగమవుతాయి. పది సార్లు సగమైతే వెయ్యో వంతుకు తగ్గుతాయి.

రెండోది వాడిన ఇంధనం. ఊరు అడుగుతున్న అసలు ప్రశ్న దీని గురించే. ఏపీ1000 రియాక్టర్ గుండెలో 157 ఇంధన కట్టలుంటాయి. ఒక్కో కట్టలో 264 సన్నటి కడ్డీలు, లోపల యురేనియం బిళ్ళలు. కట్ట దాదాపు 21 సెంటీమీటర్ల చదరం, ఐదు మీటర్లకు కాస్త తక్కువ పొడవు. ఏడాదిన్నరకోసారి మూడో వంతు పైచిలుకు తీసి కొత్తవి పెడతారు. తీసినవి ఘనపదార్థమే, బూడిద కాదు, ద్రవం కాదు. కానీ విపరీతమైన వేడి, విపరీతమైన రేడియేషన్. కట్టల మీద ఏడు మీటర్ల నీళ్ళుండేలా లోతైన తొట్టెలో కొన్నేళ్ళు చల్లార్చాలి. ఆ తర్వాతే దారులు చీలతాయి. వేరే పెద్ద తొట్టెకు మార్చవచ్చు. రాజస్థాన్‌లోని రావత్‌భాటా అణుకేంద్రంలో చేసినట్టు, నీళ్ళు లేని పొడి పీపాల్లో పెట్టవచ్చు. లేదా పునఃశుద్ధికి, అంటే అందులో మళ్ళీ ఇంధనంగా పనికొచ్చేదాన్ని వేరు చేయడానికి, పంపవచ్చు.

మూడోది పునఃశుద్ధిలో మిగిలే అతి తీవ్ర వ్యర్థం. దాన్ని గాజులో కరిగించి స్టీలు డబ్బాల్లో పోస్తారు. ఆ పని ట్రాంబే, తారాపూర్, కల్పక్కంలలో జరుగుతుంది. విద్యుత్ కేంద్రంలో జరగదు. ఊళ్ళో సగం భయం ఈ మూడోదాని గురించి కావడంతో దాన్ని పక్కన పెట్టగానే గదిలో ఊపిరి తేలికైంది. అయితే ఆ ఊరటను మేం అక్కడే ఆపాల్సి వచ్చింది. ఎందుకంటే రెండోదానికి దారి స్పష్టంగా లేదు.

అమెరికా ఇంధనాన్ని ఎక్కడ పునఃశుద్ధి చేయాలన్నది మన ఇష్టం ఒక్కటే కాదు. 2010 జూలై 30న రెండు దేశాలు చేసుకున్న ఏర్పాటు ప్రకారం అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలో ఉండే, అందుకే ప్రత్యేకించిన కొత్త కర్మాగారాల్లోనే చేయాలి. అవి వచ్చి, వీటికి వంతు దొరికేదాకా కట్టలు కేంద్రం ఆవరణలోనే ఉండాలి. తమిళనాడులోని కుడంకుళం అణుకేంద్రం అనుభవం దీనికి అద్దం. 2013 మే 6న సుప్రీంకోర్టు తీర్పు వాడిన ఇంధనాన్ని రియాక్టర్ల దగ్గరే ఎక్కువ కాలం ఉంచడం మీద ఆందోళన తెలిపింది. ఐదేళ్ళలో విడి నిల్వ కేంద్రం కడతామన్న గడువు తర్వాత పొడిగించాల్సి వచ్చింది. దాని కోసం 2019 జూలై 10న పెట్టదలచిన ప్రజాభిప్రాయ సేకరణ వాయిదా పడింది. ఇదంతా ఊరికి చెప్పి, మా అభిప్రాయం కూడా దాచకుండా చెప్పాం: ఈ కేంద్రం నడిస్తే వాడిన ఇంధనం దశాబ్దాల పాటు ఇక్కడే ఉంటుందని అనుకునే బేరమాడాలి. పోతుందని ఎవరైనా అంటే, ఎక్కడికి, ఏ ఏడు అని కాగితం మీద అడగాలి.

ముగ్గు గీతలు, వల తాడు

మాటలతో కంటే రెండు కొలతలతో పని తేలింది.

ఒకటి చోటు. బడి మైదానంలో ముగ్గుతో పీపా అడుగు గీశాం. పెద్ద పొడి పీపా ఒకటి రమారమి మూడున్నర మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల ఎత్తు. నిండితే వంద టన్నులు దాటుతుంది. 37 కట్టలు పడతాయి. ఒక రియాక్టర్ నుంచి ఏడాదికి 40కి పైగా కట్టలు వస్తాయనుకుంటే ఆరింటికీ కలిపి ఏడాదికి ఏడు పీపాలు, అరవై ఏళ్ళకు 420. ఒక్కోదానికి ఐదు మీటర్ల చదరం ఇచ్చినా మొత్తం మూడెకరాల లోపే. కంచె, దారి, కాపలా కలిపితే ఇంకొన్ని ఎకరాలు. జనం ఆశ్చర్యపోయారు. ఇంతకు ముందు ఊరంతా చెత్తతో నిండుతుందన్న ఊహ ఉండేది. ఒక సరంగు (బోటు నడిపే పెద్ద) అన్న మాట నోట్సులో ఉంది: "అయితే సోటు గొడవ కాదన్నమాట. కాలం గొడవ."

ఇక్కడే ఇంకో ప్రశ్న ఊరి నుంచే పుట్టింది. ఉప్పుగాలికి ఫైబర్ బోటు బోల్టులే తుప్పు పడుతుంటే ఆ పీపా మాటేంటి? ఇది తేలికపాటి ప్రశ్న కాదు. పీపా కాంక్రీటు చొక్కాకు కిందా పైనా గాలి దారులుంటాయి, లోపలి స్టీలు డబ్బాను గాలే చల్లారుస్తుంది. ఆ గాలితో వచ్చే ఉప్పు డబ్బా మీద పేరుకుని, ఏళ్ళ తర్వాత వేడి తగ్గినప్పుడు చెమ్మ పట్టి, వెల్డింగు అతుకుల దగ్గర సన్నటి పగుళ్ళు తెచ్చే వీలుంది. తీరంలోని నిల్వ కేంద్రాలకు ఇది గుర్తించిన సమస్యే. తొట్టె పద్ధతికి వేరే బలహీనత ఉంది: నీళ్ళు చల్లబరచడానికి కరెంటు కావాలి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుఫాన్ల తర్వాత కరెంటు ఎన్ని రోజులకొచ్చిందో ఈ ఊరికి చెప్పనక్కరలేదు. కాబట్టి ఊరి ప్రశ్నల కాగితంలో ఈ రెండూ చేరాయి: తొట్టె అయితే బయటి కరెంటు లేకుండా ఎన్ని రోజులు, పీపా అయితే డబ్బా ఉపరితలాన్ని ఎన్నేళ్ళకోసారి ఎలా చూస్తారు, పగులు కనిపిస్తే మార్చే ఏర్పాటు ఆవరణలో ఉంటుందా.

రెండోది కాలం. వల అల్లే తాడు తీసుకుని పదేళ్ళకు ఒక జాన చొప్పున ముడులు వేయించాం. నిర్మాణం ఒక జాన. నడక ఆరు జానలు. రోజువారీ వ్యర్థం కాపలా ముప్పై జానలు, తాడు బడి వరండా చివరిదాకా వెళ్ళింది. వాడిన ఇంధనానికి ముడి ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పలేకపోవడంతో ఆ తాడు కొస ఒకరి చేతిలోనే వదిలేశాం. తర్వాత ఎర్రదారంతో ఆదాయం కట్టమన్నాం. కూలి పనులు మొదటి జానతో అయిపోయాయి. క్యాంటీను, బండ్లు, శుభ్రత కాంట్రాక్టులు కొద్దిమందికి ఆరు జానల దాకా. ఆ తర్వాత తాడంతా తెల్లగానే ఉంది.

ఊరి బేరం అక్కడ మారిపోయింది. ఇంటికో ఉద్యోగం అన్న కోరిక మొదటి జానలోనిది. చెత్త ఉన్నన్నాళ్ళు ఊరికి రాబడి ఉండాలన్నది తాడంత పొడవు కోరిక. గ్రామసభ చివరకు రాసిన తీర్మానంలో ముఖ్యమైన షరతు ఇది: వాడిన ఇంధన కట్ట ఒక్కటి ఆవరణలో మిగిలి ఉన్నంతకాలం, కట్టకు ఇంత చొప్పున ఏటా, ధరల పెరుగుదలతో పాటు పెరిగేలా చుట్టుపక్కల పంచాయతీల నిధికి చెల్లించాలి.

మెగావాటుకు ఇంత అని ఎందుకు అడగలేదన్న దాని మీద రెండు రోజులు చర్చ జరిగింది. మెగావాటు లెక్క సులువు, మొదటి ఏళ్ళలో ఎక్కువ వస్తుంది. కానీ కరెంటు ఆగిన రోజున ఆదాయం ఆగుతుంది, కట్టలు మాత్రం ఉంటాయి. బరువు లెక్క పెడితే కొలిచేది వాళ్ళే, నమ్మడం తప్ప దారి లేదు. కట్టల లెక్కకు ఒక బలం ఉంది. అంతర్జాతీయ తనిఖీలో ఉన్న కేంద్రంలో ప్రతి కట్టకూ నంబరుంటుంది, ఒక్కొక్కటిగా లెక్క అప్పజెప్పాలి. బయటివాళ్ళు సరిచూసే లెక్క ముందే ఉన్నప్పుడు ఊరి రాబడిని దానికి కట్టడమే భద్రం. పైగా కట్టలను త్వరగా తరలిస్తే చెల్లింపు తగ్గుతుంది కాబట్టి, తరలించాలన్న ఒత్తిడి కూడా నిర్వాహకుల మీద ఉంటుంది.

ఈ రాబడి మీదే ఊరు పూర్తిగా ఆధారపడకూడదన్న మాట మేం పట్టుబట్టి రాయించాం. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం కార్ల్స్‌బాడ్ పొటాష్ గనులు సన్నగిల్లిన ఊరు. 1999లో తెరిచిన అణు వ్యర్థాల భూగర్భ నిక్షేపానికి ఇష్టపడి ఒప్పుకుంది, ఉద్యోగాలూ వచ్చాయి. 2014 ఫిబ్రవరిలో లోపల ఒక డ్రమ్ము పగిలింది. నింపేటప్పుడు తడి పీల్చడానికి వాడిన సేంద్రియ పదార్థం లోపలి నైట్రేట్లతో చర్య జరపడమే కారణం. దాదాపు మూడేళ్ళు వ్యర్థాలు దించడం ఆగిపోయింది. ఒకే దిక్కు మీద నిలబడ్డ ఊరికి ఆ దిక్కు ఆగితే ఏమవుతుందో చూడాలి.

మూడు బల్లలకు మూడు ఉత్తరాలు

పాత కోరికల పత్రాన్ని చించి, ఏ ప్రశ్న ఎవరి బల్లదో విడదీశాం. ఇది ఈ కేసులో అన్నిటికంటే పొడిగా కనిపించే పని. ఫలితం ముందుగా వచ్చింది మాత్రం దీని నుంచే.

రెవెన్యూ బల్లకు: ఊరి సర్వే నంబర్లన్నీ వరసగా రాసి, ఏవి సేకరణ నోటిఫికేషన్‌లో ఉన్నాయి, ఏ తేదీ, ఏవి రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఏ జాబితాలో ఉన్నాయి అని సమాచార హక్కు కింద అడిగాం. తేదీ ఎందుకంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక ప్రకటన తర్వాత ఏడాదిలో తుది ప్రకటన, దాని తర్వాత ఏడాదిలో అవార్డు రాకపోతే, పొడిగింపు లేనప్పుడు, ప్రక్రియ నిలవదు. ప్రాథమిక ప్రకటన వచ్చిన భూమి మీదే లావాదేవీల నిషేధం. జవాబు వచ్చాక ఊరు నివ్వెరపోయింది. మెట్టలో కొన్ని డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి) నంబర్లు తప్ప మిగతా భూమి ఏ నోటిఫికేషన్‌లోనూ ఎప్పుడూ లేదు. అప్పు ఆగింది వదంతితో. ఆ జవాబు నకలు, ఈసీ (భూమి మీద లావాదేవీలు చూపే ధ్రువపత్రం) జత చేసి ఇస్తే బ్యాంకు శాఖ దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ వేసవిలో నలభై దాకా ఇళ్ళకు కప్పులు పడ్డాయి. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ కాగితం మీద అడగలేదన్న బాధ మాకు ఇప్పటికీ ఉంది.

నియంత్రణ బల్లకు: నిల్వ పద్ధతి, కాలం, తుఫాను ఏర్పాట్ల ప్రశ్నలు. మొదటి దరఖాస్తును భద్రతా కారణాలు చూపి తిప్పి పంపారు. తప్పు మాదే. ఆవరణ నక్షా, గోడల మందం లాంటివి అడిగాం. చట్టం వాటికి మినహాయింపు ఇస్తుంది. రెండోసారి విధానం, గడువులు, బాధ్యులెవరు అన్నంత వరకే అడిగాం. జవాబులో సారం: నిల్వ ఆవరణలోనే, తరలింపు కాలం నిర్ణయం కాలేదు. ఆ ఒక్క వాక్యాన్ని గ్రామసభ మినిట్స్‌లో యథాతథంగా ఎక్కించారు. రేపు ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే చేతిలో ఉండే కాగితం అదే.

అదే ఉత్తరంలో ముందస్తు కొలతలు కూడా అడిగాం. ఈ తీరం ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో రేడియోధార్మిక థోరియం ఉంది. అంటే కేంద్రం లేకముందే ఇక్కడ సహజ రేడియేషన్ మామూలు చోట్ల కంటే ఎక్కువ ఉండొచ్చు. నిర్మాణానికి ముందు ఇసుక, బావి నీరు, చేపల్లో ఎంత ఉందో రాసిపెట్టకపోతే, తర్వాత కొలిచిన అంకెను ఊరు కేంద్రం మీదకు తోస్తుంది, కేంద్రం ఇసుక మీదకు తోస్తుంది. అందుకే ఆ కొలతల నకలు తెలుగులో పంచాయతీలో ఉండాలన్నది రెండో షరతయింది.

మూడో బల్ల, జిల్లా అభివృద్ధి యంత్రాంగానికి: ప్రాజెక్టు వచ్చినా రాకపోయినా పనికొచ్చేవే అడగాలని నియమం పెట్టుకున్నాం. చేపలు ఇసుక మీద ఆరబెట్టకుండా నడుమెత్తు వెదురు పందిళ్ళు, వాటి మీద పాత వల. ఐసు పెట్టెలు, వేసవిలో కిలో చేపకు కిలో ఐసు లెక్కన సరిపోయే దిమ్మల సరఫరా. వీటిలో పందిళ్ళు డ్వాక్రా సంఘం అప్పుతోనే పడ్డాయి. ఇసుక అంటని ఎండు నెత్తళ్ళకు సంతలో ధర మెరుగ్గా పలకడంతో రెండో ఏడు సంఘం తనంతట తానే పందిళ్ళు పెంచుకుంది. ఐసు సరఫరా మాత్రం నిలకడగా లేదు. ట్రేడరు ఇష్టం మీద నడుస్తోంది.

ఇళ్ల పుస్తకం

చివరిగా ఒక పని, ఇంకా సగంలో ఉన్నది. 2013 చట్టం బాధిత కుటుంబం అన్న మాటకు భూమి ఉన్నవాళ్ళనే కాదు, సేకరణకు ముందు మూడేళ్ళుగా నీటివనరుల మీద ఆధారపడి బతికే మత్స్యకారులనూ, పడవలు నడిపేవాళ్ళనూ చేర్చింది. వితంతువులు, కుటుంబం వదిలేసిన ఆడవాళ్ళు విడి కుటుంబంగా లెక్కకొస్తారు. హద్దు రేపు పెరిగినా, సముద్రంలో భద్రతా గీత గీసినా, ఈ ఊరు ఆ నిర్వచనం కింద నిలబడి అడగాలి. దానికి మూడేళ్ళ రుజువు కావాలి. మగవాళ్ళకు బోటు రిజిస్ట్రేషన్, మత్స్యకార గుర్తింపు కార్డు, నిషేధకాల భృతి జాబితా, డీజిల్ సబ్సిడీ కాగితాలున్నాయి. తట్టతో చేపలమ్మే ఆడవాళ్ళకు ఏ కాగితమూ లేదు. ఐసు కొన్న చీటీలు, సంత ఆశీలు రసీదులు, సంఘం పాస్‌బుక్కులో వ్యాపారం అని రాసిన అప్పు పద్దు, సావుకారి పుస్తకంలో పేరు, ఇవి ఒక్కొక్కటీ చిన్నవే. ఒకే మనిషి పేరు మీద మూడేళ్ళవి కలిపి కుట్టి, పంచాయతీ ముద్ర వేయిస్తే రుజువుగా నిలుస్తాయి. ఇప్పటికి సగం మంది ఆడవాళ్ళవే కుట్టగలిగాం. ఆశీలు రసీదులు చెమ్మకు చెరిగిపోతున్నాయి కాబట్టి దొరికిన వారంలోనే ఫోటో నకలు తీస్తున్నారు.

కట్టల లెక్కన చెల్లింపు షరతుకు ఇంతవరకు ఏ కార్యాలయమూ అవుననలేదు, కాదనలేదు. తీర్మానం రిజిస్టరులో ఉంది. వీరావల్ వెళ్ళినవాళ్ళంతా ఊళ్ళో ఉండేది వేట నిషేధం రోజుల్లోనే కాబట్టి, ఏటా ఏప్రిల్ 15 తర్వాత వచ్చే మొదటి ఆదివారం ఇళ్ల పుస్తకం తెరిచి కొత్త పేర్లు ఎక్కించాలని గ్రామసభ రాసుకుంది. తాడు బడి బీరువాలో ఉంది. దాన్ని కూడా ఆ రోజే బయటికి తీస్తారు.